అందులో నేను లేను

తర్లుపాడు రోడ్డు పక్కన మూతబడ్డ పలకల ఫ్యాక్టరీ.
ఒకప్పుడు చట్రాలు బిగించిన గదే
ఇప్పుడు మా మిత్రుల సంఘం.
శిలువ లేదు, మైకు లేదు.
పాస్టరు గారెక్కడని ఎవరైనా అడిగితే
ఏం చూపించాలో తెలీక బెంచీలు చూపిస్తాం.

బెంచీలు ఎదురెదురుగా. పదకొండు మందిమి.
ఆదివారం గంటసేపు నోరు విప్పం.
బయట టమాటాల బండి, లారీ హారను,
ఎవరి కడుపులోనో గుడగుడ,
అన్నీ మా ఆరాధనలోకే వస్తాయి.
నెలకోసారి అదే మౌనంలో కూర్చుని
లెక్కలూ తగువులూ చూసుకుంటాం.

నేను లేఖకుణ్ణి.
పెద్దరికమేం కాదు, మూడేళ్ళు రాసి
బలపం ఇంకొకరి చేతికిచ్చి వెనక బెంచీకి పోవాలి.
వినాలి. విన్నది పలక మీద పెట్టాలి. పైకి చదవాలి.
ఏ మొహమైనా ముడుచుకుంటే చెరపాలి.
అందరి ఊపిరీ తేలికపడ్డాకే
పలక మీది మాట పుస్తకంలోకెక్కుతుంది.

ఇరవై రెండేళ్ళు యూనియన్లో ఉన్నవాణ్ణి.
చేతులెత్తమనడం, లెక్కపెట్టడం,
ఎక్కువ చేతులది గెలుపు, తక్కువ చేతులు జేబుల్లోకి.
న్యాయమంటే అంతే కదా!
ఇక్కడ లెక్కపెట్టరని తెలిసినా
నా కళ్ళు లెక్కపెడుతూనే ఉంటాయి.

ఫిబ్రవరిలో వచ్చింది పడమటి జాగా సంగతి.
మిరపకాయల గోడౌను ఆయన నాలుగు సెంట్లు అడిగాడు.
ఆ డబ్బుతో పైరేకులు మార్చొచ్చు.
వానాకాలం బకెట్లు పెట్టుకుని ఆరాధన చేసేవాళ్ళం మేం.
చెన్నకేశవులు సరేనన్నాడు. సుగుణరత్నం సరేనంది.
ఓబెద్యా మాస్టారు కళ్ళు మూసుకునే తలూపాడు.
నేనైతే ఇంటికాడే రాసుకొచ్చాను,
పలక చేతిసంచిలో దాచి.

చదివాను.
తబితమ్మ అంది,
"బాగానే ఉంది నాయనా. అందులో నేను లేను."

ఆమెకు చదువు రాదు.
పలకలు నునుపు చేసీ చేసీ
వేలిముద్రలు అరిగిపోయిన చేతులు.
రేషను మిషను కూడా ఆమెను గుర్తుపట్టదు.
ఎందుకమ్మా అంటే
"తెలీదు. ఈడేందో నొక్కతా ఉంది" అని
గుండె మీద చెయ్యేసుకుంది.

పదిమందిమి ఇటు. ఒక్కతి అటు.
యూనియన్లో అయితే టీ వచ్చేలోపు తేలిపోయేది.
మాస్టారి వైపు చూశాను.
కళ్ళు తెరవకుండానే "చెరుపు" అన్నాడు.

తడిగుడ్డతో తుడిచాను, కోపంగా.
పలక నల్లబడింది. నా మొహం కూడా.

మార్చిలో మెత్తని మాటలు వెతికి రాశాను.
లేదంది.
ఏప్రిల్లో రాయనే లేదు. ఊరికే కూర్చున్నాం,
ఎండకి రేకులు టకటకమంటుంటే.
ఆమె ఎప్పుడు ఒప్పుకుంటుందా అని
అన్నాళ్ళూ చెవులు రిక్కించినవాణ్ణి,
ఆమెకేం వినబడుతోందో అనుకున్నాను ఆ రోజు.
మొదటిసారి.

మేలో, బోర్లు ఎండిన వారం,
తబితమ్మ లేచి నిలబడింది.
"ట్యాంకరు యాడ తిరుగుద్ది?"

అంతే. కూర్చుంది.

ఆ జాగాలోనే
కంపచెట్ల సందుకొచ్చే ట్యాంకరు
వెనక్కి మళ్ళేది.
తెల్లారి నాలుగింటికి బిందెల వరస.
ఆ వరసలో మా సంఘం నుంచి ఆమె ఒక్కతే.
మా ఇంట్లో కుళాయి ఉంది.
నాలుగింటికి నాకు మంచి నిద్ర.

ఎవరూ ఏమీ అనలేదు.
చెన్నకేశవులు ముక్కు చీదుకున్నాడు.
చాలాసేపటికి పలక ఒళ్ళోకి తీసుకున్నాను.
బలపం అరిగిపోయి గోరు గీసుకుంటోంది.

"జాగా అమ్మడం లేదు.
ట్యాంకరు తిరగడానికి వదిలేస్తున్నాం.
రేకుల సంగతి వచ్చే నెల."

చదివి, ఆగాను.
తబితమ్మ దగ్గరకొచ్చి
ముద్రలు లేని బొటనవేలితో
పలక అంచు తడిమింది.
"ఆ రేకుల ముక్క ఇంకోసారి చదువు నాయనా,
కారేది నా బెంచీ మీదే."